'గత నెల' అంటే ఏ నెల? డ్యాష్‌బోర్డులో కాలం ఫిల్టర్ లెక్కలు ఎందుకు కలవవు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. నర్సంపేటలో విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల డీలర్ దగ్గర లెక్కలు చూస్తున్నారు. ట్యాలీ నుంచి బిల్లులు తీసి, రిపోర్టులు కట్టే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ పవర్ బీఐలో డ్యాష్‌బోర్డు కట్టారు. జూన్ 9న 'గత 1 నెల' అని ఫిల్టర్ పెడితే వచ్చిన అమ్మకం, ట్యాలీలోని మే నెల మొత్తంతో కలవలేదు. మీ యజమాని తెల్లవారుజామున అయిదింటికి ఫోనులో తెరిస్తే 'ఈ రోజు' అన్నచోట నిన్నటి అమ్మకం కనిపించింది. నిరుటితో పోల్చే చార్టు ఏమో జూన్ అమ్మకాలు సగానికి పైగా పడిపోయాయంటోంది, కొట్టు ముందు చూస్తే ఆటో ట్రాలీలు నిలిపే చోటు లేదు. ఏ ఫిల్టర్ వాడితే ఈ మూడూ సర్దుకుంటాయని అడిగారు.

ఒక్క ఫిల్టర్ మారిస్తే మూడూ పోవు. ఇవి మూడు వేర్వేరు జబ్బులు. మొదటిదానికి మందు చిన్నది: ఆ ఫిల్టర్ జాబితాలో 'నెలలు' అని ఒకటి, 'క్యాలెండర్ నెలలు' అని మరొకటి ఉంటాయి. మీరు మొదటిది పట్టుకున్నారు, రెండోది పట్టుకోవాలి. రెండో జబ్బు అయిదున్నర గంటల తేడా, అంటే టైమ్ జోన్ వ్యవహారం. మూడోది, తొమ్మిది రోజుల జూన్‌ను ముప్పై రోజుల జూన్‌తో తూచడం. ఇవి మళ్లీ మళ్లీ రాకూడదంటే మీ మోడల్‌లో సొంతంగా ఒక తేదీల పట్టిక, అంటే రోజుకొక వరస ఉన్న క్యాలెండర్, ఉండాలి. అది లేకుండా ఎన్ని ఫిల్టర్లు పెట్టినా, ఒకచోట అతుకు వేస్తే ఇంకోచోట చినుగుతుంది.

వరంగల్, కరీంనగర్ చుట్టుపక్కల రైస్ మిల్లులకు, హోల్‌సేల్ కొట్లకు, ఒకటి రెండు డెయిరీలకు రిపోర్టులు కట్టిపెట్టడం పదేళ్లుగా నా పని. 'సాఫ్ట్‌వేర్ తప్పు చూపిస్తోంది' అని పిలిచిన చోట్లలో సాఫ్ట్‌వేర్ నిజంగా తప్పు చూపిన సందర్భం నాకు గుర్తు లేదు. అడిగిన కాలం ఒకటి, మనసులో ఉన్న కాలం ఒకటి. అంతే.

మొదటి జబ్బు చూద్దాం. జూన్ 9న 'గత 1 నెల' అంటే, ఈ రోజును కలుపుకొనే మీట ఆన్‌లో ఉంటే, మే 10 నుంచి జూన్ 9 వరకు. ఆ మీట ఆపితే మే 9 నుంచి జూన్ 8 వరకు. అదే 'గత 1 క్యాలెండర్ నెల' అంటే మే 1 నుంచి మే 31 వరకు, జూన్‌లో ఏ రోజు తెరిచినా అంతే. ట్యాలీలో మీరు చూసిన మే నెల ఈ చివరిది. మొదటి రకం రోజూ ఒక రోజు చొప్పున ముందుకు జరుగుతుంది. అది పనికిరానిదేమీ కాదు, 'ఈ మధ్య అమ్మకం ఊపు ఎలా ఉంది' అని చూసేందుకు అదే మంచిది. పుస్తకాలతో సరిచూసుకోవడానికి మాత్రం వాడకూడదు. వారాలకూ ఇదే సంగతి. క్యాలెండర్ వారం అంటే అక్కడ ఆదివారం నుంచి శనివారం వరకు. మీ కొట్టులో వారం లెక్క సోమవారం మొదలవుతుంటే అక్కడ ఇంకో తేడా పుడుతుంది.

నేను కట్టే ప్రతి పేజీలోనూ పైన ఒక వరస రాసిపెడతాను: '10-05-2026 నుంచి 09-06-2026 వరకు, చివరి బిల్లు 08-06-2026'. ఫిల్టర్ మారినప్పుడల్లా ఆ తేదీలు వాటంతట అవే మారేలా చిన్న మెజర్ (లెక్క సూత్రం) రాస్తే చాలు, పావుగంట పని. ఆ ఒక్క వరస ఉంటే మీరు ఈ ప్రశ్న అడిగే అవసరమే వచ్చేది కాదు. చివరి బిల్లు ఎప్పటిదో రాయడం ఎందుకంటే, డేటా రాత్రి ఒక్కసారే రిఫ్రెష్ అవుతుంటే మధ్యాహ్నం 'ఈ రోజు' సున్నా చూపిస్తుంది. అది చూసి యజమాని కౌంటర్ మీద ఉన్న కుర్రాడిని కోప్పడిన కొట్టు నాకు తెలుసు.

ఇక తెల్లవారుజాము సంగతి. పవర్ బీఐలో 'ఈ రోజు', 'గత 7 రోజులు' లాంటి సాపేక్ష ఫిల్టర్లు యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం మీద నడుస్తాయి. మన సమయం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. అంటే మనకు అర్ధరాత్రి దాటి తేదీ మారినా, ఉదయం అయిదున్నర వరకు దాని దృష్టిలో ఇంకా నిన్నే. మీ యజమాని పొద్దున్నే లేచే మనిషి కాబట్టి పట్టుబడింది. ఎనిమిదింటికి లేచే మనిషైతే ఏళ్ల తరబడి ఎవరికీ తెలిసేది కాదు. 'టుడే' ఫంక్షన్ కూడా ఆన్‌లైన్‌లో పెట్టాక యూటీసీ తేదీనే ఇస్తుంది. మీ కంప్యూటర్‌లో కడుతున్నప్పుడు సరిగ్గా పనిచేసి, పబ్లిష్ చేశాక మొరాయించేది అందుకే. దానికి బదులు 'యూటీసీనౌ' తీసుకొని అయిదున్నర గంటలు కలిపి, అందులోంచి తేదీ తీసుకోండి. సాపేక్ష ఫిల్టర్ స్థానంలో తేదీల పట్టికలో 'ఈ రోజా?' అని ఒక కాలమ్ పెట్టుకొని దాని మీద ఫిల్టర్ వేయడం మరో దారి. అయితే ఆ కాలమ్ రిఫ్రెష్ అయినప్పుడే మారుతుంది, కాబట్టి మన అర్ధరాత్రి దాటిన వెంటనే ఒక రిఫ్రెష్ పెట్టుకోవాలి.

మీకు ఇది ఫోనులో కనిపించే చిన్న చికాకు. డేటాలోనే ఈ తేడా దూరితే ఏమవుతుందో ఒక పాల సేకరణ కేంద్రంలో చూశాను. రైతు పాలు పోయగానే యంత్రం చీటీ ఇస్తుంది: 16వ తేదీ, ఉదయం 5.12, ఇన్ని లీటర్లు, ఇంత వెన్నశాతం. చీటీ మీద మన సమయమే. సర్వర్‌లో మాత్రం అదే రికార్డు 15వ తేదీ రాత్రి 11.42 అని పడుతోంది. రిపోర్టు కట్టినవారు గంటలు, నిమిషాలు తీసేసి తేదీ మాత్రం ఉంచుకున్నారు. దాంతో అయిదున్నరకు ముందు పోసిన పాలన్నీ ముందు రోజు ఖాతాలోకి వెళ్లాయి. రోజువారీ మొత్తంలో ఇది తెలియదు, ఎందుకంటే ఇవాళ పోయినవి పోయినా రేపటివి వచ్చి కలుస్తాయి. బిల్లు పక్షానికోసారి. 16వ తేదీ పొద్దున పాలు మొదటి పక్షంలో పడ్డాయి. ఒక రైతు చీటీలన్నీ రబ్బరు బ్యాండు వేసి తెచ్చి, '16న పోసిన పాలు ఏవి?' అని బల్ల మీద పెట్టాడు. ముందు పోసిన పదిహేను మందికీ అదే గతి. నేను చేసింది ఇంతే: డేటా లోపలికి తెచ్చేటప్పుడు ముందు అయిదున్నర గంటలు కలిపి, తర్వాత తేదీ విడదీయాలి. వరుస తిరగేస్తే పోయిన గంటలు మళ్లీ రావు.

మీ ట్యాలీ బిల్లుల్లో సమయం లేదు, తేదీ మాత్రమే ఉంటుంది కాబట్టి ఈ బాధ మీకు ఉండదు. కానీ సమయంతో సహా తేదీ వచ్చే డేటా ఎప్పుడైనా కలిపితే ఒకటి గుర్తుంచుకోండి. 'మే 1 నుంచి మే 31 మధ్య' అని క్వెరీ (డేటాను అడిగే వాక్యం) రాస్తే అది మే 31 మొదలయ్యే అర్ధరాత్రి 12 గంటల దగ్గరే ఆగిపోతుంది, 31 పగలంతా పోతుంది. 'మే 1, ఆ తర్వాత. జూన్ 1 కంటే ముందు' అని రాయడం అలవాటు చేసుకోండి. నెలాఖరు రోజు ఎప్పుడూ తక్కువ చూపిస్తోందంటే నేను మొదట చూసేది ఇదే.

మూడో జబ్బు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. తప్పుడు నిర్ణయాలు పుట్టేది ఇక్కడే.

పైపైన చూస్తే సులువైనదే. నిరుటి అంకె తీసుకొచ్చే 'సేమ్ పీరియడ్ లాస్ట్ ఇయర్' ఫంక్షన్, ఫిల్టర్‌లో జూన్ నెల ఉంటే నిరుటి జూన్ 30 రోజులూ తెస్తుంది. ఈ ఏడాది జూన్ ఇంకా 9 రోజులే. సగానికి పడిపోక ఏం చేస్తుంది? చివరి బిల్లు తేదీ ఏదో చూసి, నిరుడు కూడా అదే తేదీ దగ్గర కోయాలి. ఏప్రిల్ నుంచి కూడిక చూపే 'టోటల్ వైటీడీ'కి సంవత్సరాంతం మార్చి 31 అని విడిగా చెప్పాలి, లేకపోతే అది జనవరి నుంచి కూడుతుంది. పవర్ బీఐ తనంతట తాను క్యాలెండర్ కట్టుకునే 'ఆటో డేట్' మీట మీరు ఆపకుండా వదిలేశారని అనుకుంటున్నాను, అదీ ఆపేయండి. దాని మొదటి త్రైమాసికం జనవరి–మార్చి. మీ ఆడిటర్ దృష్టిలో మొదటి త్రైమాసికం ఏప్రిల్–జూన్. ఇద్దరూ 'క్యూ1' అనే అంటారు, ఇద్దరి అంకెలూ వేరు.

ఇంత చేసినా, ఒకే తేదీల మధ్య పోలిక న్యాయమైనదేనా అన్నది వేరే ప్రశ్న. మన దగ్గర వ్యాపారం ఇంగ్లీషు క్యాలెండర్ చూసి నడవదు.

హనుమకొండలో ఒక బట్టల దుకాణం ఉంది. నిరుడు నవంబర్‌లో వాళ్ల మేనేజర్ నాకు చార్టు చూపించి, అక్టోబర్ అమ్మకాలు కుప్పకూలాయి, మనుషులను తగ్గించాలా అని అడిగాడు. 2024లో దసరా అక్టోబర్ 12న, 2025లో అక్టోబర్ 2న. బతుకమ్మ చీరలు, దసరా బట్టలు కొనేదంతా పండుగ ముందు రెండు వారాల్లోనే. 2024లో ఆ రెండు వారాల్లో ఎక్కువ భాగం అక్టోబర్‌లో పడింది, 2025లో దాదాపు మొత్తం సెప్టెంబర్‌లో పడింది. అమ్మకాలు కూలలేదు, పండుగ సెప్టెంబర్ వైపు జరిగింది. ఈ ఏడాది అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి దసరా అక్టోబర్ 20కి వెళ్లింది. ఇప్పుడే చెబుతున్నాను, ఆ మేనేజర్ చార్టు ఈసారి సెప్టెంబర్‌లో ఏడిపించి అక్టోబర్‌లో నవ్విస్తుంది. అధిక మాసంలో ముహూర్తాలు ఉండవు కనుక పెళ్లి బట్టల అమ్మకం కూడా మే, జూన్‌లలో నిరుటితో కలవదు.

మేడారం జాతర ఇంకా తమాషా. బెల్లం హోల్‌సేల్ చేసే ఒకరికి రిపోర్టు కట్టాను. అమ్మవార్లకు 'బంగారం' అంటే బెల్లమే కదా, నిలువెత్తు తూకం వేసి ఇస్తారు. జాతర రెండేళ్లకోసారి కాబట్టి నిరుటితో పోల్చడం ఎలాగూ కుదరదు. తెలివిగా 'రెండేళ్ల వెనక్కి' అని పెట్టాను, అదీ బోల్తా కొట్టింది. 2024లో జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు. జనవరి రెట్టింపులు, ఫిబ్రవరి పాతాళం. చివరికి తేదీల పట్టికలో 'జాతరకు ఎన్ని రోజులు' అని ఒక కాలమ్ పెట్టాను. రెండింటిలోనూ మొదటి రోజైన బుధవారం సున్నా, ముందు రోజు మైనస్ 1, నెల ముందు మైనస్ 30. చార్టు అడుగున తేదీల బదులు ఈ అంకెలు పెడితే రెండు జాతరల గీతలూ ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చున్నాయి. సరుకు ఎన్ని రోజుల ముందు దించాలో ఆయన ఆ గీత చూసి చెప్పేశాడు.

మీ వ్యాపారం విషయంలో అదృష్టవంతులు. పండుగల తేదీలు తిథిని బట్టి మారతాయి, కార్తెలు సూర్యుడిని బట్టి వస్తాయి. మృగశిర ఏ ఏడాదైనా జూన్ 7, 8 తేదీల్లోనే మొదలవుతుంది. అందుకని విత్తనాలకు తేదీకి తేదీ పోలిక చాలావరకు నిలుస్తుంది. వాన ఆలస్యమైతే మాత్రం పది రోజులు అటూ ఇటూ జరుగుతుంది. అందువల్ల నెలవారీ కంటే 'సీజన్ మొదలైనప్పటి నుంచి నేటి వరకు' చూడటం మేలు. ఇక వారపు అంగడి రోజు గిరాకీ ఎక్కువుండే కొట్లకు 365 రోజుల బదులు 364 రోజులు వెనక్కి వెళ్లండి, మంగళవారం మంగళవారం మీదే పడుతుంది.

ఇంతకీ సీజన్ అంటే ఏమిటో ముందే రాసిపెట్టుకోవాలి. తేదీల పట్టికలో వానాకాలం, యాసంగి అని ఒక కాలమ్ తప్పకుండా పెట్టండి. విత్తనాల డీలర్‌కు నేను వానాకాలం మే 1 నుంచి పెడతాను. అదే వానాకాలం ధాన్యం కొనే మిల్లుకు అక్టోబర్‌లో మొదలవుతుంది. పత్తి వాళ్ల సంవత్సరం అక్టోబర్ 1 నుంచి సెప్టెంబర్ 30. యాసంగి వరి అయితే ఏప్రిల్, మే నెలల్లో కల్లాలకు వస్తుంది, నాటు వేసింది ఒక ఆర్థిక సంవత్సరం, అమ్మింది ఇంకోటి. మార్చి 31 దగ్గర కత్తిరించిన రిపోర్టు దాన్ని నిలువునా చీలుస్తుంది.

మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. మీ డీలర్ 'జూన్‌లో ఎంత వచ్చింది?' అంటే ఏమని అర్థం? అమ్మకమా, చేతికొచ్చిన డబ్బా? ఎరువులు, మందులు జూన్, జులైలలో ఉద్దెరకు పోతాయి. పత్తి తీసి అమ్మాక నవంబర్, డిసెంబర్‌లలో డబ్బు వస్తుంది. బిల్లు తేదీ ఒకటి, వసూలు తేదీ ఒకటి. ఒకే తేదీల పట్టికకు రెండూ కలపాలి. ఆ రెండు సంబంధాల్లో ఒకటే చురుకుగా ఉంటుంది, రెండోదాన్ని వసూళ్ల మెజర్‌లో 'యూజ్ రిలేషన్‌షిప్'తో పిలవాలి. గూగుల్ వారి రిపోర్టుల సాఫ్ట్‌వేర్ లుకర్ స్టూడియోలోనైతే ఒక్కో చార్టుకూ ఏ తేదీ కాలమ్ అన్నది విడిగా ఉంటుంది. పైన ఒకే తేదీ పెట్టె కనిపిస్తుంది, కింద ఒక చార్టు బిల్లు తేదీతో, ఇంకోటి వసూలు తేదీతో వడబోస్తూ ఉంటాయి. చార్టు పేరులోనే 'బిల్లు తేదీ ప్రకారం' అని రాయడం తప్ప దీనికి వేరే మందు నాకు దొరకలేదు. అమ్ముడుపోని విత్తనాల ప్యాకెట్లు ఊళ్ల నుంచి ఆగస్టులో వాపసు వస్తాయి, వాటిని జూన్ అమ్మకంలోంచి తీయాలా, ఆగస్టులో చూపాలా అన్నది యజమాని తేల్చాలి. నేనైతే వాటిని విడిగా ఒక నిలువుగీతగా చూపిస్తాను. జూన్ అంకె ఆగస్టులో మారిపోతే ఎవరికీ నమ్మకం ఉండదు.

తేదీల పట్టిక కట్టడం కష్టమేమీ కాదు. రోజుకొక వరస, మధ్యలో ఒక్క రోజూ తప్పకూడదు. మీ మొదటి బిల్లు ఉన్న ఏడాది జనవరి 1 నుంచి చివరి ఏడాది డిసెంబర్ 31 వరకు పూర్తిగా ఉండాలి. ఆదివారం కొట్టు మూసినా ఆదివారం వరస ఉండాలి. దాన్ని తేదీ పట్టికగా గుర్తు పెట్టండి. ఆర్థిక నెల సంఖ్యలో ఏప్రిల్ 1, మార్చి 12. నెల పేర్లను ఆ సంఖ్యతో వరస పెట్టమని చెప్పకపోతే అవి అక్షరక్రమంలో వస్తాయి, తెలుగులో పేర్లు రాసుకుంటే మీ ఏడాది అక్టోబర్‌తో మొదలై, ఆగస్టు మీదుగా సెప్టెంబర్‌లో ముగుస్తుంది.

ఫిల్టర్ మార్చాక కూడా మే మొత్తం కలవకపోతే మళ్లీ ఫిల్టర్ జోలికి వెళ్లకండి. ట్యాలీలో మే నెల డే బుక్ ప్రింటు తీసి, పక్కన మీ డ్యాష్‌బోర్డులో రోజువారీ పట్టిక పెట్టుకొని మొదట 12, 13 తేదీలు చూడండి. 12 వరకు ఏవో అంకెలుండి, 13 నుంచి ఖాళీగానో ఎర్రర్లతోనో ఉంటే, మీ కంప్యూటర్ తేదీలను అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత అని చదువుతోంది. 05/06 మీకు జూన్ 5, దానికి మే 6. పదమూడో నెల లేదు కనుక 13 దగ్గర చేతులెత్తేస్తుంది. పవర్ బీఐలో డేటాను లోపలికి తెచ్చే పవర్ క్వెరీలో ఆ కాలమ్ రకం మార్చేటప్పుడు లొకేల్ (ఏ దేశపు పద్ధతి అన్నది) 'ఇంగ్లీష్, ఇండియా' అని ఎంచుకొని మళ్లీ రిఫ్రెష్ చేయండి. 12, 13 సరిగానే ఉంటే 31వ తేదీ బిల్లులు ఒక్కొక్కటిగా టిక్కు పెట్టుకుంటూ రండి. తేడా వచ్చిన బిల్లు నంబరు, దాని తేదీ రెండు చోట్లా ఎలా ఉన్నాయో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.